పెన్సిలు ఆగకూడదు

"ఇంతకంటే గట్టిది లేదా అమ్మా?"

డ్రాయింగ్ మాస్టారు అలా అడగడం అది ఎన్నోసారో. సెల్ షాపు అమ్మాయి అద్దాల బల్ల మీద హాట్‌స్పాట్ డబ్బాలు పేర్చింది. సబ్బుబిళ్లంతది ఒకటి, అగ్గిపెట్టెంతది ఒకటి. ఆయన పుచ్చకాయ కొనేవాడిలా ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, బరువు చూసి, వేలితో కొట్టి, కింద పెడుతున్నాడు.

"ప్లాన్ మాత్రం పాతదే ఉంచాలి. చవకది."

"ప్లాన్ చవకగా ఉండాలి, బొమ్మ మాత్రం సినిమా హాల్లోలా ఆడాలి. అంతేగా సార్?"

"ఆగకుండా ఆడితే చాలు తల్లీ. రేపు పొద్దున్న ఆగిందంటే నా పని అయిపోయినట్టే."

బళ్లో ఉద్యోగం పోయాక ఆయన ఫోన్లో పాఠాలు మొదలుపెట్టాడు. ఫోను స్టాండుకి బిగించి కాగితం మీదికి వంచుతాడు. ఆయన గీస్తుంటే అవతలివాళ్లు చూసి గీస్తారు. మొహాలతో పని లేదు, చెయ్యీ కాగితమూ కనబడితే చాలు. మొదట్లో శిష్యులు బాగానే చేరారు. కానీ కన్ను దగ్గర మొదలైన పెన్సిలు తెర మీద బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి గడ్డం కూడా అయిపోయి ఉండేది. మధ్యలో ముక్కు ఎలా గీశారో ఎవరికీ తెలిసేది కాదు. ఒక్కొక్కరే జారుకున్నారు.

మిగిలింది ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒక్కతే. డ్యూటీ ఎప్పుడున్నా సరే, క్లాసు మాత్రం మానదు. "నాకూ ఆగిపోతోంది మాస్టారూ, సరిగ్గా మీకు ఆగినప్పుడే. ఇద్దరిదీ ఒకటే జాతకం," అని నవ్వేసేది.

ఇప్పుడు ఆ నర్సమ్మే దారి చూపించింది. ఆదివారం ఆసుపత్రి స్నేహితులందరినీ ఇంటికి పిలుస్తోంది. ఫోను టీవీకి కలిపి, అందరికీ ఆయన పాఠం చూపిస్తుందట. నచ్చితే అందరూ చేరతారు. లేదంటే సోమవారం నుంచి మాస్టారు బావమరిది రంగుల కొట్లో కూర్చోవాలి. "నీవీ రంగులే, నావీ రంగులే, తేడా ఏముంది బావా?" అంటూ వాడు అప్పుడే కుర్చీ కూడా వేయించాడు.

షాపు అమ్మాయి ఆయన పాత డబ్బాని తన కంప్యూటరుకి తగిలించి చూసింది.

"డబ్బా ముసలిదైపోయింది, ఒప్పుకుంటా. కానీ సార్, మీ నెట్ మీరొక్కరే వాడట్లేదు. ఇంకో ఫోను కూడా రోజూ ఎక్కుతోంది. చవక ప్లాన్ ఇద్దరికెక్కడ సరిపోతుంది? మీ పాస్‌వర్డ్ ఏంటి?"

"ఒకటి నుంచి ఎనిమిది దాకా."

"వరసగానా?"

"వరసగానే. గుర్తుండొద్దూ?"

"పైగా దానికి పేరేమో మీ ఇంటి నంబరు! తాళంచెవి తలుపుకే తగిలించి పడుకున్నారన్నమాట."

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. తన తిండి ఎవడో రోజూ కంచంలోంచి ఎత్తుకుపోతున్నాడు! సబ్బుబిళ్లంత డబ్బా కొనేశాడు. అక్కడే నిలబడి, ఆ అమ్మాయిని అటు తిరగమని చెప్పి, చేంతాడంత పాస్‌వర్డ్ పెట్టాడు.

ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే అందరూ దొంగల్లాగే కనిపించారు. ఎదురింటి కండలవీరుడు ఫోను చూసుకుంటూ దిగుతుంటే గుర్రుగా చూశాడు. పై వాటాలో ఈ మధ్యే దిగినావిడ ఎప్పుడొస్తుందో ఎప్పుడెళ్తుందో ఎవరికీ తెలీదు, ఆవిడ మీదా అనుమానమే. కింది వాటా తాతగారి గుమ్మం దగ్గర పాట వినబడితే ఆగి చెవి ఒగ్గాడు. తీరా అది రేడియో.

"ఆ దొంగెవడో రేపు తనంతట తానే బయటపడతాడు చూడు," అన్నాడు భార్యతో. "అడగడానికి వస్తే మొహమాటపడకు."

"మొహమాటమా, నేనా? రానివ్వండి, దులిపేస్తాను."

ఆ సాయంత్రమంతా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కొత్త డబ్బాని కిటికీలో పెట్టాడు, బీరువా మీద పెట్టాడు, చివరికి ఫ్యాను రెక్క మీద పెట్టబోతే భార్య వచ్చి కాళ్ల కింది స్టూలు లాగేసుకుంది. పెన్సిళ్లు చెక్కీ చెక్కీ సగానికి తెచ్చాడు.

ఆదివారం పొద్దున్నే లోపలి గదిలో తలుపు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక గీత గీసి చూశాడు. తెర మీద పెన్సిలు ఎక్కడా ఆగలేదు. తన చెయ్యి తనకే ముద్దొచ్చింది.

క్లాసు వేళయింది. నర్సమ్మ రాలేదు.

వచ్చినవాళ్లకి కాఫీలిస్తోందేమో అనుకున్నాడు. కాగితం సర్దాడు. డబ్బా మీద లైటు వెలుగుతోందో లేదో చూశాడు, వెలుగుతూనే ఉంది. మళ్లీ కాగితం సర్దాడు. మిగిలిన సగం పెన్సిలునీ ఇంకాస్త చెక్కాడు.

బయట కాలింగ్ బెల్ మోగింది. భార్య గొంతు ఇయర్‌ఫోన్లను దాటి మరీ వినబడింది. ఆ వెంటనే తలుపు ధడాలున మూసుకుంది. కాసేపటికి ఆవిడ గదిలోకి తొంగిచూసింది. మొహం వెలిగిపోతోంది.

"మీరన్నట్టే వచ్చిందండీ దొంగ! పై వాటావిడే. సిగ్గు లేకుండా కొత్త పాస్‌వర్డ్ చెప్పమని ప్రాధేయపడుతోంది. ఇన్నాళ్లూ వాడుకున్నది చాల్లే, దయచెయ్యమ్మా అన్నాను."

"భేష్," అన్నాడు మాస్టారు తెర మీంచి కళ్లు తిప్పకుండానే. "ఆ పీడ కూడా వదిలింది. ఇక నర్సమ్మ రావడమే ఆలస్యం."

అంతలో ఫోను మోగింది. నర్సమ్మే. వెనక కుర్చీలు జరుగుతున్న చప్పుడు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ, ఇన్నాళ్లూ మీ పాఠాలు మా కిందింటివాళ్ల నెట్‌తో చూసేదాన్ని, ఇవాళ అది రావట్లేదు, వెళ్లి బతిమాలితే ఆవిడ మొహం మీదే తలుపేసింది, ఇక్కడ మావాళ్లంతా లేచి వెళ్లిపోతున్నారు."