ఎర్ర గోడ ముందు కారు

“పిన్నీ, పన్నెండు ఫోటోలు తీశావు. ఒక్కదాంట్లో కూడా కారు మధ్యలో లేదు. ఇవి చూసి ఎవరు కొంటారు?” అన్నాను.

బాబాయి పోయాక కారు అమ్మేద్దామన్నది పిన్నే. ఫోటోలు కూడా తనే తీస్తానంది. చోట్లకు మాత్రం వంక పెట్టలేం. పార్కింగ్ భవనం పై అంతస్తు, ఫ్లైఓవర్ కింద నీడ, పాత ప్రెస్సు వెనక ఎర్ర గోడ. కారుని ఫోటో తీయడానికి ఆదివారాలన్నీ ఊరంతా గాలించి బాబాయి పట్టుకున్న చోట్లవి. ఆయన ఫోటోలు తీస్తున్నంతసేపూ పిన్ని పక్కనే నిలబడి సణుగుతుండేది.

“నీవల్ల కాదుగానీ పద, నేను తీస్తా,” అని మర్నాడు పొద్దున్నే ఎర్ర గోడ దగ్గరికి లాక్కెళ్లాను.

లేత ఎండలో తెల్ల కారు మెరిసిపోతోంది. ఫోన్ పట్టుకుని దానికి ఎదురుగా, సరిగ్గా నడిమధ్యన నిలబడ్డాను.

“అక్కడ కాదే!” పిన్ని గాభరాగా అరిచింది. “ఇటు జరుగు.”

“జరిగితే కారు పక్కకి పోతుంది పిన్నీ. నువ్వు చేసిన పొరపాటే అది.”

“నాకు తెలీదా? అక్కడ మీ బాబాయి నిలబడతారు.”

నవ్వబోయి వెనక్కి తిరిగాను. పిన్ని నా మొహంలోకి చూడటం లేదు. నా తలకి జానెడు పైకి చూస్తోంది.

బాబాయి నాకన్నా జానెడు పొడుగు.

గబుక్కున పక్కకి జరిగాను. పదమూడో ఫోటోలో కూడా కారు మధ్యలో లేదు.