'అది' అంటావా?

"పెద్దది చూపించమంటే మళ్లీ ఆ చిన్నదే ముందుకు తోస్తావేంటి?" చారల చొక్కా ఆయన గొంతు పెంచాడు.

గేముల కౌంటర్ దగ్గర పది నిమిషాలుగా ఇదే గొడవ. ఆయనకు కావలసింది చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్. మర్నాడు పాప పుట్టినరోజు, ఎనిమిదేళ్లు నిండుతాయి. షాపులో ఉన్నవాటన్నిటికంటే పెద్దది కావాలి. పెట్టె విప్పగానే పాప ఎగిరి గంతెయ్యాలి. అంతకు ఒక్క మెట్టు కూడా దిగేలా లేడాయన.

మొదట్లో సేల్స్‌మన్ బాగానే ఉన్నాడు. "దీన్ని మించిన పీస్ లేదు సార్" అంటూ ఆ పెద్దదాన్నే ఆకాశానికెత్తాడు. పాప చేతికి సరిపోతుందా అని ఆయన ఫోన్ తీసి ఫొటో చూపించాడు. సేల్స్‌మన్ ఫొటో చూశాడు. చూసి, పెద్దదాన్ని తీసి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

అక్కణ్ణుంచి మనిషే మారిపోయాడు.

"ఇది బాగా బరువు సార్. పడుకుని ఆడితే జారి మూతి మీద పడుతుంది."

"కూర్చుని ఆడుతుందిలే."

"కూర్చోదు."

"నువ్వు చూశావా? సరే, ఈ రెండు పక్కల బటన్ల ముక్కలూ ఊడొస్తాయన్నావుగా. చెరొకటి పట్టుకుని పాపా నేనూ ఆడుకోవచ్చు. నాక్కావాల్సింది అదే."

"వారం తిరక్కుండా ఒకటి పోతుంది. దొరికేదాకా ఇల్లంతా ఏడుపే."

"ఆటలో దెబ్బ తగిలితే చేతిలో జుయ్యిమని వణుకుతుందన్నావు, అది?"

"జడుసుకుంటారు సార్ పిల్లలు."

పావుగంట క్రితం ఆ వణుకుడే అన్నిటికంటే గొప్ప సంగతని చెప్పింది ఈ నోరే.

"ఇది తీసుకోండి" అంటూ సేల్స్‌మన్ చిన్నదాన్ని మళ్లీ ముందుకు తోశాడు. "మడత పెట్టేది. అన్నానికి పిలిస్తే మూత వేసేసి లేచి రావచ్చు. ఆట ఎక్కడిదక్కడే ఆగుతుంది. తెర వెలుతురు కూడా కళ్లలో గుచ్చుకోదు."

ఖరీదైనది కొంటానని వచ్చినవాణ్ణి పట్టుకుని చౌకది అంటగట్టే సేల్స్‌మన్‌ని ఎక్కడైనా చూశామా? పక్క కౌంటర్లో మిక్సీ బేరం చేస్తున్న ఆవిడ కూడా బేరం మానేసి ఇటే చూస్తోంది.

"ఈ పౌడరు డబ్బా పట్టుకెళ్తే పాప నా మొహం కూడా చూడదు. పెద్దది ప్యాక్ చెయ్" అన్నాడు చారల చొక్కా ఆయన.

"దానికి పెద్దది వద్దని చెప్తున్నాను కదా సార్! అది బోర్లా పడుకునే ఆడుతుంది!"

కౌంటర్ చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా తలలు తిప్పారు.

"ఏమన్నావ్?" చారల చొక్కా ఆయన ఒంటికాలి మీద లేచాడు. "పాపని 'అది' అంటావా? మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. నేనే ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు. అనడానికి నువ్వెవడివి?"

సేల్స్‌మన్ చిన్న పెట్టెని చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన కోపంలో తప్పేముంది? కుర్చీని 'అది' అంటాం, కుక్కని అంటాం. ముక్కూ మొహం తెలియనివాడు ఎవరి పిల్లనో పట్టుకుని అంటే పళ్లు రాలగొడతారు.

కేకలు విని మేనేజర్ పరుగున వచ్చాడు. విషయం విని తల పట్టుకున్నాడు. ఈ సేల్స్‌మన్ నోటి దురుసు మీద ఇప్పటికే రెండు కంప్లైంట్లు ఉన్నాయి. ఇంకొక్కటి వస్తే ఇంటికేనని పోయిన వారమే అందరి ముందూ చెప్పాడు.

"సార్‌కి సారీ చెప్పు. అన్న మాట వెనక్కి తీసుకో. 'పాప' అను."

"గొంతు పెంచినందుకు సారీ సార్" అన్నాడు సేల్స్‌మన్, చారల చొక్కా వైపు చూడకుండానే. "ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను."

ఇదెక్కడి పంతం! ఒక రెండక్షరాల మాట తీసి ఇంకో రెండక్షరాల మాట పెడితే ఉద్యోగం నిలబడుతుంది. ఆ మాత్రం దానికి ఇతనికొచ్చే నష్టమేంటి?

"అనవా?"

"అనను సార్."

"అయితే ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టు. రేపట్నుంచి రానక్కర్లేదు."

సేల్స్‌మన్ మెళ్లో కార్డు తీశాడు. బల్ల మీద పెట్టాడు. చిన్న పెట్టెని మాత్రం చేతిలోంచి వదల్లేదు. ఇంత జరిగాక కూడా!

"మీ ఇద్దరి రామాయణం నాకెందుకు? ఏది కావాలో పాపనే అడుగుతాను" అంటూ చారల చొక్కా ఆయన ఇంటికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, కౌంటర్ అద్దం మీద ఉంచాడు.

సేల్స్‌మన్‌కి ఇదేమీ పట్టలేదు. మేనేజర్ మీదికి వెళ్లాడు. మొహం ఎర్రబడింది, గొంతు షాపంతా వినిపిస్తోంది.

"తీసెయ్యండి సార్, ఉద్యోగం తీసెయ్యండి! నాకేం బాధ లేదు! కానీ ఆ పెద్దది మాత్రం దానికి ఇవ్వనివ్వను! రెండు రోజులు ఆడేసరికి దాని కళ్లు ఎర్రగా అయిపోతాయి! చెప్తుంటే ఒక్కరికీ అర్థం కాదేం?"

"హలో" అంది ఫోన్లో పాప.

సేల్స్‌మన్ గొంతు అక్కడికక్కడే ఆగిపోయింది.

"పాపా, నీ గేమ్ గురించే. పెద్దది కావాలా, చిన్నది కావాలా?" ఫోన్ మీదికి వంగి అడిగాడు చారల చొక్కా ఆయన.



"అంకుల్, అక్కడ అరుస్తున్నది మా నాన్నే కదా?"