‘ఎందుకు’ అనే గడి

“మిస్టర్ ఓగ్డెన్, మీరు కిడ్నీ అమ్మారా?”

నిచ్చెన మీదున్న ట్రెవర్ ఓగ్డెన్‌కి, కింద రోడ్డు తవ్వుతున్న యంత్రం మోతలో, ఫోన్లో ఆ మాట ‘కిటికీ’ అని వినిపించింది. రాచ్‌డేల్ ఊళ్లో ఇంటింటికీ కిటికీలు అమ్మి, బిగించి బతికేవాడికి ఇంకోలా వినిపించడం కష్టం.

“ఒకటేమిటండీ, నెలకి ముప్ఫై అమ్ముతాను!”



“ముప్ఫయ్యా? ఎవరివి?”

“ఎవరి కొలతలు వాళ్లవి. పాతది పీకేసి కొత్తది పెట్టేస్తాం. పూటలో పని అయిపోతుంది. పదేళ్ల గ్యారంటీ!”

“దేవుడా!” అంది అవతలి గొంతు. ఇంతలో యంత్రం ఆగింది. “కిడ్నీ, మిస్టర్ ఓగ్డెన్! ఒంట్లో ఉండే కిడ్నీ!”

అప్పుడు పోల్చుకున్నాడు ట్రెవర్. ఇంటి అప్పు ఇప్పించే ఏజెంటు, మిస్ హెప్‌వర్త్. నిచ్చెన కదల్లేదు గానీ మనిషి ఊగాడు.

“మీ ఖాతాలో మూడు నెలల పద్దులూ బ్యాంకు ఆవిడ చదివింది. ‘కిడ్నీకి అడ్వాన్సు’ అని పన్నెండు పౌండ్లు వచ్చాయి. ‘గుర్రప్పందెం బాకీ’ అని తొమ్మిది. ‘నోరు మూసుకున్నందుకు’ అని నలభై. అన్నీ క్లెమ్ అనే మనిషి పంపినవే. ఎవరతను?”

“నా స్నేహితుడండీ.”

“ఇలాంటి స్నేహితుడుంటే శత్రువుల ఖర్చు కలిసొస్తుంది. మూడింటికి ఆవిడ ఫోన్ చేస్తుంది. ఆలోగా అతన్ని నా ఆఫీసుకి పట్టుకురండి. సాయంత్రంలోగా అప్పు ఖాయం కాకపోతే మీ ఇంటి ఓనరు ఇల్లు వేరేవాళ్లకి అమ్మేస్తాడు. తెలుసుగా?”

తెలియకేం? పదకొండేళ్లుగా అద్దెకున్న ఇల్లు. ఆరేళ్ల కిందట కొట్టు మూతపడి, అప్పుడు చేసిన అప్పు అప్పట్లో తీర్చలేకపోయిన పాపానికి, అప్పట్నించీ ఏ బ్యాంకు గుమ్మం ఎక్కినా “ఇప్పుడు కాదు” అనడమే. ఈ ఒక్క బ్యాంకే “సరే, చూద్దాం” అంది. చూసింది కూడా. చూడకూడనివన్నీ చూసింది.

ట్రెవర్ దిగీ దిగకుండానే క్లెమ్‌కి ఫోన్ చేశాడు.

“ఒరేయ్, ఎక్కడున్నా సరే టాక్సీ ఎక్కి రా! ఇరవై పౌండ్లు ఇప్పుడే పంపిస్తున్నా. నువ్వు బ్యాంకు ముందు సాక్ష్యం చెప్పాలి!”

“సాక్ష్యమా? ఏం చేశావురా?”

“నేను కాదురా, నువ్వు!”

మూడింటికి పది నిమిషాలుంది. మిస్ హెప్‌వర్త్ ఆఫీసులో ట్రెవర్ కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు, కిటికీ దగ్గరికెళ్లి దాని బిగింపు బాగాలేదని గొణిగి మళ్లీ కూర్చుంటున్నాడు. అతని భార్య లినెట్ పది గోళ్లూ కొరికేసి ఇంకేం కొరకాలా అని చూస్తోంది. అప్పుడొచ్చాడు క్లెమ్, వానలో తడిసి ముద్దై.

“టాక్సీలో రమ్మన్నానుగా!”

“నా ఒక్కడికి టాక్సీ ఎందుకురా? ఇల్లు కొనుక్కుంటున్నవాడివి, ప్రతి పౌండూ పనికొస్తుంది. బస్సులో వచ్చా. నీ ఇరవై నీకు తిప్పి పంపేశా.”

“మళ్లీ ఏ వెధవ రాతా రాయలేదుగా?” లినెట్ కళ్లెర్రజేసింది.

“ఒట్టు లినెట్! నీకు భయపడి జన్మలో మొదటిసారి ఉన్నదున్నట్టు రాశా.”

ఫోన్ మోగింది. మిస్ హెప్‌వర్త్ స్పీకరు పెట్టింది. బ్యాంకు ఆవిడ మిసెస్ త్వెయిట్ గొంతు ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది.

“కిడ్నీ సంగతేమిటి?”

“తినే కిడ్నీ పై, మేడమ్, మాంసం కూరిన రొట్టె!” అన్నాడు క్లెమ్. “గురువారం గురువారం మా పబ్బులో క్విజ్ పోటీ. అందరి పైలకీ వీడే కడతాడు. నేను తిన్నదాని డబ్బులు తర్వాత ఫోన్లో పంపిస్తా. పంపేటప్పుడు ‘ఎందుకు’ అని ఒక గడి అడుగుతుంది కదండీ. అందులో నిజం రాస్తే మా పబ్బులో తలెత్తుకోలేం.”

“గుర్రప్పందెం?”

“గుర్రాలకెన్ని పళ్లుంటాయో తప్పు చెప్పానండీ. తప్పు చెప్పినవాడు బీర్లు పోయించాలి. అప్పుడూ ముందు కట్టింది వీడే.”

“నోరు మూసుకున్నందుకు నలభై?”

“ఆ వారం వీడికి గొంతు పోయింది. ఒక్క జవాబూ చెప్పలేదు. అందుకే గెలిచాం. అది బహుమతిలో వీడి వాటా.”

లినెట్ ఫక్కున నవ్వింది. ట్రెవర్ నవ్వలేదు. ఫోన్ వంక, ఊపిరాడుతోందో లేదో తెలియని మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

ఫోన్ గొంతు సవరించుకుంది.

“మా ఆయన వాళ్ల తమ్ముడికి డబ్బు పంపిన ప్రతిసారీ ‘విషానికి’ అని రాస్తాడు. నేను అర్థం చేసుకోగలను. మీ పాత బాకీలు మాకు ముందే తెలుసు, వాటితో పేచీ లేదు. ఇవాళ్టి పద్దులొకసారి వినిపించండి. వాటిల్లో వింతలేం లేకపోతే ఇల్లు మీదే, మిస్టర్ ఓగ్డెన్.”

ట్రెవర్ ఒక్క ఉదుటున లేచి క్లెమ్‌ని తడి కోటుతో సహా కావలించుకున్నాడు. తన ఫోన్ తెరిచి మిస్ హెప్‌వర్త్ చేతిలో పెట్టాడు.

“ఇవాళ్టివి రెండే పద్దులండీ! నేను పంపిన ఇరవై, వీడు తిప్పి పంపిన ఇరవై. హడావిడిలో నేనేమీ రాయలేదు. వీడు రాసింది చదవండి, గట్టిగా చదవండి!”

మిస్ హెప్‌వర్త్ కళ్లజోడు సవరించుకుని, స్పీకరు దగ్గరికి వంగి, ఒక్కో మాటా స్పష్టంగా చదివింది.

“‘బ్యాంకు ముందు సాక్ష్యం చెప్పడానికి నువ్విచ్చిన డబ్బు వాపసు.’”