మడుగుదొర బిరుదు

వరదలో తన కూనను కాపాడినందుకు పూర్వం ఒక సింహరాజు ఓ నీటికుక్కకు ‘మడుగుదొర’ అని బిరుదిచ్చాడు. అది కొడుకుకీ, మనవడికీ దక్కింది. మనవడికి నీలి అనే ఒక్క కూతురే. మడుగులోని పిల్లలను ఒకసారి మొసలి నుంచి కాచి, ఆమె ఒక చెవి పోగొట్టుకుంది.

తండ్రి పోగానే కొండ అవతలి నుంచి ఆమెకు దూరపు వరస అన్న గండడు దిగి, బిరుదు తనదన్నాడు.

“మగవాడికే చెందుతుంది,” అని అడవికి న్యాయం చెప్పే నక్క తీర్పు చెప్పింది.

“మొసలి వచ్చినప్పుడు వీడెక్కడున్నాడయ్యా?” అంది నీలి.

“అది తీర్పుకు అక్కర్లేదమ్మా.”

గండడు నవ్వాడు. “కాపలా నువ్వే చూసుకో చెల్లీ, అలవాటేగా!”

మర్నాడే మొసలి వచ్చింది. నీళ్లలో పిల్లలు కేకలు పెడుతుంటే నీలి ఆగలేక దూకింది. మొసలిని తరిమింది గానీ, తను ఒడ్డుకు రాలేదు.

ఇప్పటి సింహరాజు కబురంపాడు: “మడుగుదొర పరాక్రమానికి మెచ్చాం.”

గండడు వినయంగా తల వంచాడు.