బైండింగు గదిలో మొండిఘటం

"ఇది పిల్లల బడి కాదమ్మా, కత్తులతో పని," అన్నాడు మేస్త్రి, జిగురు గిన్నెలో బ్రష్షు ముంచుతూ.

లైబ్రరీ వెనక గదిలో సాయంత్రాలు అతను పుస్తకాల బైండింగు నేర్పుతాడు. వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరిలో గళ్ళచీర కట్టుకున్న పెద్దావిడ పిలవకుండానే గడప దాటి లోపలికి వచ్చేసింది. ఆమె వెనక, కళ్ళజోడు పెట్టుకున్న చెల్లెలు నేలచూపులు చూస్తూ సంచి పట్టీ మెలిపెడుతోంది.

"పిల్లల బడి ఎప్పుడో అయిపోయిందండీ," అంది పెద్దావిడ. "నెమ్మదిగా నేర్చుకునేవాళ్ళ బడి. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఇక రావద్దన్నారు."

"ఆ తర్వాత?"

"టీవీ. గిన్నెలు. మళ్ళీ టీవీ."

బల్ల చుట్టూ పని నేర్చుకుంటున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

మేస్త్రి చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఇలాంటివాళ్ళ చేతికి సూదీ కత్తీ ఇస్తే ఏం ముంచుకొస్తుందోనని అతని దడ. కళ్ళజోడు అమ్మాయి వంక జాలిగా చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"చెబితే అర్థమవుతుందా?"

"మెల్లగా చెబితే అవుతుంది. మీరు గబగబా మాట్లాడుతున్నారు."

"కోపం, గొడవ లాంటివి ఏమైనా..."

"కోపం వస్తుంది. మనిషి ఎదురుగా ఉండగానే లేనట్టు మాట్లాడితే."

మేస్త్రికి చురుక్కుమంది. చెల్లెలు ఏదో అనబోయింది.

"నువ్వు మాట్లాడకూడదు. ఇంట్లోనే చెప్పానుగా," అని అక్క కసిరింది. ఆ అమ్మాయి పెదవి కొరుక్కుని తల దించుకుంది. పాపం, నోరెత్తనివ్వదు కాబోలు అనుకున్నాడు మేస్త్రి.

"రేపు వేలు తెగితే ఎవరమ్మా జవాబు చెప్పేది?"

"మీకెప్పుడూ తెగలేదా?"

పాత గాటున్న బొటనవేలిని మేస్త్రి గబుక్కున గుప్పిట్లో దాచుకున్నాడు. ఈసారి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు అతన్ని చూసి నవ్వారు.

"సరే, రేపు రండి. ఆలోచించి చెబుతాను."

"కుట్టుపని దగ్గర రేపన్నారు. వంట నేర్పేచోట రేపన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "నేర్పండి. పని రాకపోతే అప్పుడు పొమ్మనండి. నేర్పకుండానే పొమ్మనడం ఏం న్యాయం?"

ఉడుంపట్టు అంటే ఇదేనని మేస్త్రికి అర్థమైంది. నిట్టూర్చి, నాలుగు కాగితాలు ఆమె ముందుకు తోశాడు.

"ముందు మడత చూపిస్తాను, చూడండి. ఇంటి దగ్గర మళ్ళీ నేర్పాల్సింది మీరేగా."

ఆమె మడత వంకర పోయింది. విప్పింది. "ఇంకోసారి చూపించండి," అంది, ఏ మొహమాటమూ లేకుండా. మళ్ళీ వంకర పోయింది. మళ్ళీ చూపించమంది. మేస్త్రి ఈసారి తనకే తెలియకుండా మెల్లగా చెప్పాడు. అంచుకు అంచు కలిసింది. ఆమె మడత మీద గోటితో గీత గీసి, కాగితాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకుంది. వెనక చెల్లెలు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

"మీ పట్టుదల ముందు ఓడిపోయానమ్మా," అన్నాడు మేస్త్రి. "తోడబుట్టినదంటే ఇలా ఉండాలి."

మేకుకు వేలాడుతున్న ఏప్రాన్ తీసుకుని కళ్ళజోడు అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. కాస్త వంగి, మాటకు మాటకు మధ్య ఎడం ఇస్తూ బుజ్జగింపుగా అన్నాడు.

"రా తల్లీ. భయం లేదు. ఇది కట్టుకో."

పెద్దావిడ లేచి, ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడి చెయ్యి చాపింది.

"చేరేది నేనండీ."