రేపటి కరెంటు

"బావా, ఆ కిటికీ మూసెయ్. ఈ మూడు రోజులూ నువ్వు మబ్బుల వంక చూశావంటే ఇద్దరం మునిగిపోతాం!"

ఇంజినీరు గొంతు తగ్గించి అన్నాడు. కింద కారు ఆగింది. ఊరి సొంత కరెంటాఫీసులో కరెంటు పంపకం ఎలా సాగుతోందో చూసి చెప్పమని నగర సంఘం బయటి నుంచి కన్సల్టెంట్లను పిలిపించింది. కంట్రోల్ రూములో ఇద్దరెందుకు, ఒకరు చాలు, ఎవరుండాలో వాళ్ళే తేలుస్తారట. ఆ మాట అప్పటికే ఆఫీసంతా పాకింది.

"మూస్తాలేరా. నేను చూడకపోతే మబ్బు ఏడుస్తుంది గానీ," అని నవ్వాడు బావ.

"నవ్వకు. నీ ఉద్యోగం పోతే అక్కకి నా మొహం ఎలా చూపించను?"

సంగతేంటంటే, రేపు గంట గంటకీ ఊరికెంత కరెంటు కావాలో ఈ రోజే పైవాళ్ళకు చెప్పి తెప్పించుకోవాలి. తక్కువ చెబితే సగం ఊరు చీకటి. ఎక్కువ చెబితే తెచ్చిందంతా గాలికి పోయినట్టే. బావ బడి గడప తొక్కినవాడు కాదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలిని కాసేపు పట్టుకునేవాడు, ఎదురు మేడల మీద ఆరేసిన బట్టలు చూసేవాడు, చీటీ మీద అంకె గీసేవాడు. అంతే. నాలుగో వీధిలో ఎవరైనా ఉక్కపోసి దుప్పటి తన్నేస్తే ఇక్కడ ఈయనకు చెమట పట్టేది. ఓసారి సాయంత్రం వాన రాదన్నాడు. తీరా మబ్బు ఆఫీసు మీదిదాకా వచ్చింది. ఈయన్ని చూసి మొహమాటపడి పక్కూరికి వెళ్ళిపోయింది. నమ్మకపోతే పక్కూరి వాళ్ళనడగండి, గొడుగుల్లేక తడిసింది వాళ్ళే.

"ఈ సంగతి చెబితే పగలబడి నవ్వుతారు బావా. చదువు రానివాడి చేతిలో ఊరు పెట్టారా అని ముందు నిన్నే గెంటేస్తారు. అంకెలు కంప్యూటర్ చెబుతోందని చెబుదాం."

కంప్యూటర్ మూలన ముసుగు తన్ని ఉంది. కొన్నాక ఒక్క అంకె సరిగ్గా చెప్పిన పాపాన పోలేదు.

"మరి నేనేం చేస్తానని చెబుతావు?"

ఇంజినీరు ఓ పాత గుడ్డ ఆయన చేతిలో పెట్టాడు. "దాన్ని తుడుస్తావు."

బావ ఆ గుడ్డ వంక చూశాడు. ఒక్క క్షణమే. "సరే. నీ మొహం కనబడేలా తుడుస్తా పో," అన్నాడు.

కన్సల్టెంట్లు వచ్చి రాగానే పాత లెక్కల పుస్తకాలన్నీ తిరగేశారు. వాళ్ళ పెద్ద మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఎన్నో ఊళ్ళు చూశాం. ఇంత కచ్చితంగా ఎక్కడా లేదు. ఈ అంకెలు చెప్పేదెవరు?"

"కంప్యూటరండీ."

"మరి ఈయన?"

"తుడుస్తాడండీ."

అనేశాక ఇంజినీరుకు నోరు చేదైంది. అక్క మొగుణ్ణి 'తుడుస్తారు' అని కూడా అనలేకపోయాడు.

మూడు రోజులూ బావకు పట్టరాని దాహం. అస్తమానం నీళ్ళకని వరండాలోకి వెళ్ళడం, ఆకాశం వంక చూడడం, వచ్చి బల్ల తుడుస్తూ గుడ్డ కింద నుంచి చీటీ జార్చడం. ఇంజినీరు ఆ చీటీ చూసి, తెర మీద చదువుతున్నట్టు చదవడం. మొదటి రెండు రోజులూ అంకె వెంట్రుకవాసి తప్పలేదు.

మూడో రోజు మేడమ్ బావను ఒక్కడినే లోపలికి పిలిచి తలుపేసింది. ఇంజినీరు బయటే నిలబడ్డాడు.

"ఏమడిగారు బావా?"

"టీ తాగుతారా అన్నారు. తాగాను."

"ఇంకా?"

"ఇంకో టీ తాగుతారా అన్నారు. వద్దన్నాను."

ఆ పై శుక్రవారం పొద్దున మేడమ్ వచ్చి నివేదిక ఇచ్చి వెళ్ళింది. ఇంజినీరు గబగబా కాగితాలు తిప్పాడు. పన్నెండో పేజీలో ఉంది. కంట్రోల్ రూముకు ఇంజినీరు ఒక్కరే చాలు, రెండో మనిషి అక్కర్లేదు. కింద నగర సంఘం సంతకాలు కూడా అయిపోయాయి.

తలెత్తేసరికి బావ అప్పటికే సొరుగు ఖాళీ చేస్తున్నాడు. ఓ దువ్వెన, ఓ గాజు గ్లాసు, అరిగిపోయిన పెన్సిలు ముక్కలు.

"బావా, నా వల్లే..."

"ఛ, ఊరుకోరా. మా ఇంట్లో కిటికీలు లేవా ఏంటి?"

ఇంజినీరు ఆ మాట తట్టుకోలేకపోయాడు. మెట్లు రెండేసి దూకుతూ కిందికి పరిగెత్తి, కదలబోతున్న కారు తలుపు పట్టుకున్నాడు.

"మేడమ్, ఆగండి! ఘోరం జరిగింది. ఆ కంప్యూటర్ ఉత్త డబ్బా. అంకెలన్నీ ఆయనవే. అబద్ధం చెప్పింది నేను. నన్ను తీసెయ్యండి, ఆయన్ని ఉంచండి."

"డబ్బా అని మొదటి రోజే తెలిసిందండీ," అంది మేడమ్ మెల్లగా. "అబద్ధం చెప్పారని తీసెయ్యమని ముందు రాసింది మిమ్మల్నే. ఆ మాటే మీ బావగారికి చెప్పాం. అంకెలన్నీ మా బావమరిది బుర్రలోవే, గొప్ప చెప్పుకోవడం ఇష్టంలేక డబ్బా మీదికి నెట్టాడు, నేను చీటీలు మోసేవాణ్ణంతే అన్నారు. పిల్లల మీద ఒట్టు కూడా వేశారు."

"అది అబద్ధం మేడమ్! నాకు ఎండకీ వానకీ తేడా తెలీదు. నన్ను నమ్మండి!"

మేడమ్ వాచీ చూసుకుని, ఎంతో మంచివాణ్ణి చూసినట్టు అతని వంక జాలిగా చూసింది.

"శుక్రవారం పదింటికల్లా మీరిలా పరిగెత్తుకొచ్చి ఇదే చెబుతారని, నమ్మొద్దని, ఆయన ముందే చెప్పారండీ."