జీను కొమ్ముకి ముడి

"ముడి తీసెయ్యరా. రెండు చుట్లు చుట్టు, చాలు," అన్నాడు డ్వైట్, తడి రంగుకి వేలు తగలకుండా చూపిస్తూ.

లోవెల్ గుర్రం తోకకి రంగు అద్దుతూనే ఉన్నాడు. ఒకప్పుడు ఆవులు ఈనిన ఆ కొట్టంలోనే ఇప్పుడతను బొమ్మలు వేస్తున్నాడు. ఈ బొమ్మలో దూడలకు ముద్రలు వేసే రోజు. గుర్రం మీద ఒక కుర్రవాడు, వెనకనుంచి. అతను విసిరిన తాడు దూడ మెడలో పడింది. రెండో కొస జీను ముందుభాగంలో పొడుచుకొచ్చిన కొమ్ముకి ముడివేసి ఉంది.

నెవాడాలో ఈ పక్క ఎవరూ అలా ముడి వెయ్యరు. కొమ్ముకి చుట్టి కొస చేత్తో పట్టుకుంటారు. గుర్రం తూలితే వదిలెయ్యొచ్చు.

"డెన్వర్‌లో కొనేవాళ్లకి తెలీదు గానీ, మనవాళ్లు పళ్లికిలిస్తారు. బ్రష్షు పట్టి తాడు మర్చిపోయాడంటారు."

డ్వైట్ పశువుల రైతుల సంఘానికి పెద్ద. లోవెల్ బొమ్మలు ఎక్కడెక్కడి ఇళ్లలోనో వేలాడుతున్నాయి, సొంతవాళ్ల మధ్య ఒక్కటీ లేదు. సంఘం హాల్లో గోడ ఇస్తామని ఇప్పుడన్నారు. ముడి తీస్తేనే.

కాఫీ తెచ్చిన నోరీన్ కూడా డ్వైట్ చెప్పినట్టు చెయ్యమని భర్తను బతిమాలింది. ఆ గోడ మీద, బొమ్మ కింద, కొడుకు క్లే పేరు చూసుకోవాలని ఆమె ఆశ. డ్వైట్ మాటంటే ఆమెకు గురి. గుర్రం కింద నలిగిన క్లేని మోసుకొచ్చి ట్రక్కులో పడుకోబెట్టింది అతనే. ట్రక్కు నడిపింది నోరీన్. వెనక కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది లోవెల్. ఊరు చేరేసరికి క్లే లేడు. ఆ ఏడాదే లోవెల్ మందను అమ్మేశాడు.

ఆమె వెళ్లేదాకా ఆగి డ్వైట్ గొంతు తగ్గించాడు.

"బొమ్మలో ఉన్నది క్లే అని నాకు తెలీదా? తాడు చేతిలో నిలవట్లేదని ముడేసుకున్నాడు. గుర్రం పడితే విడిపించుకోలేకపోయాడు. ఆ మాట పదిమందిలో ఎవడూ ఎత్తకుండా ఇన్నేళ్లూ చూశాను. పోయినవాడి తెలివితక్కువతనాన్ని కన్నతండ్రివి నువ్వే గోడకెక్కిస్తావా?"

లోవెల్ బ్రష్షును గుడ్డతో తుడిచి, గోధుమరంగులో ముంచి అతనికందించాడు.

"అయితే నువ్వే దిద్దు."

"నాకేం వచ్చురా ఇది," అని నవ్వాడు డ్వైట్. అయినా తీసుకున్నాడు. బొమ్మ మీదకి వంగి, బ్రష్షు మొనను ముడి దగ్గరకు తెచ్చాడు.

"ఆ ముడి నువ్వేశావని నాకు చెప్పాకే క్లే పోయాడు, డ్వైట్."